బందెలదొడ్డి రసీదు

నా డైరీలన్నిటిలోకీ 1997 నాటిది చిన్నది. దుకాణంలో కొన్నది కాదు, మా నాయన కుట్టి ఇచ్చినది. ఏ పేజీ తిప్పినా వెనకవైపు ఒక రసీదు అచ్చై కనిపిస్తుంది. పైన పెద్ద అక్షరాలతో 'జరిమానా రసీదు' అని ఉంటుంది. కింద గళ్ళలో వాహనం, రంగు, పట్టుబడిన స్థలం, చివరి గడిలో 'మేత ఖర్చు' అని ఉంటాయి. ఆ ఏడాదంతా నేను కొన్న కూరగాయల ధరలు, కట్టిన కరెంటు బిల్లులు, వెళ్ళివచ్చిన ఊళ్ళు ఆ మేత ఖర్చుకు వెనకవైపే రాసుకున్నాను. చూసినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను గానీ, ఆ పుస్తకాన్ని ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు.

పుంగనూరులో మా నాయనకు ఒక చిన్న ప్రెస్సు ఉండేది. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరుసలుగా పేర్చి, దారంతో బిగించి, కాలితో తొక్కే యంత్రం మీద అచ్చు వేసే కాలం అది. డిగ్రీ ముగించి నేను ఇంట్లో ఉన్న ఆ నాలుగేళ్ళూ ప్రూఫులు చదవడం నా పని. చదివాక కాగితం మూలన 'సరి' అని రాసి, తేదీ వేసి, పొడి అక్షరాలతో సంతకం చేసేదాన్ని. ఆ మాట లేకుండా మా నాయన యంత్రం మీద కాలు పెట్టేవాడు కాదు. ఆ మాట ఉంటే మళ్ళీ చదివేవాడూ కాదు. ఇరవై నాలుగేళ్ళ మనిషికి అంతటి అధికారం దొరికితే ఎంత గర్వంగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ప్రతి ఏడూ తప్పకుండా వచ్చే పని ఒకటి ఉండేది. పక్క పంచాయతీవాళ్ళ బందెలదొడ్డి రసీదులు. పరుల చేలో పడి మేసిన పశువును తోలుకొచ్చి దొడ్డిలో కట్టేస్తారు. దాని యజమాని జరిమానా కట్టి, దొడ్డిలో పెట్టిన మేతకూ డబ్బిచ్చి విడిపించుకుపోతాడు. ఆ డబ్బుకు ఇచ్చే రసీదు అది. ఏటా వచ్చే పని కాబట్టి అక్షరాలను విప్పి సర్దకుండా, పేజీ పేజీగా దారం కట్టి అరలో అట్టే ఉంచేవాళ్ళం. కావలసినప్పుడు దించి, సంవత్సరం అంకె ఒక్కటి మార్చితే సరిపోయేది.

1996 జూన్‌లో మదనపల్లె నుంచి ఒక సావుకారు వచ్చాడు. అక్కడ ఆయనకు గుడ్డల అంగడీ, నాలుగు గదుల కాంప్లెక్సూ, దాని పక్కన ఖాళీ జాగా ఉండేవి. బిల్లు పుస్తకాలు, కొత్త సంవత్సరం కేలండర్ల మీద అంగడి పేరు, పెళ్ళిళ్ళ కాలంలో కరపత్రాలు, అన్నీ మా దగ్గరే వేయించేవాడు. మా ప్రెస్సుకు ఏడాదిలో వచ్చే పనిలో మూడో వంతు ఆయనదే. ఆ రోజు ఆయన తెచ్చిన బాధ న్యాయమైనదే. ఊళ్ళో పనులకు వచ్చినవాళ్ళు బండ్లు ఆ జాగాలో పెట్టి సాయంత్రం దాకా తిరిగి వచ్చేవాళ్ళు కారు. ఆయన అంగడికి వచ్చినవాళ్ళకు బండి పెట్టడానికి చోటు ఉండేది కాదు.

మా నాయన కాగితం కొనడానికి బెంగుళూరు వెళ్ళి ఉన్నాడు. సావుకారు ఒక చీటీ మీద 'బండి నిలిపినందుకు రుసుము రూ. 25' అని రాసి ఇచ్చి, రెండు రోజుల్లో ఇరవై పుస్తకాలు కావాలన్నాడు. కొత్తగా కంపోజు చేస్తే ఒక పూట పడుతుంది. నేను అర వైపు చూసి, బందెలదొడ్డి పాత రసీదు ఒకటి తీసి ఆయన ముందు పెట్టాను.

"ఈ మాదిరి గళ్ళుంటే సాలునా అప్పా?"

సావుకారు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఇదేందమ్మా, సర్కారు కాగితం మాదిరుండాదే!"

"పంచాయతీ వాళ్ళది."

"ఇదే ఎయ్యి. రుసుము గిసుము వద్దు. జరిమానా అనే మాటుండాల. ఆ మాటుంటేనే ఎవురికైనా రవంత భయముంటాది. ఈ కింద సట్టరీత్యా అనుండాది సూడు, దాన్ని మాత్రం తియ్యొద్దు తల్లీ."

నేను తియ్యలేదు. పైనున్న పంచాయతీ పేరు తీసేసి కాంప్లెక్సు పేరు పెట్టాను. 'పశువు' అన్నచోట 'వాహనం' పెట్టాను. రంగు బండికీ ఉంటుంది కాబట్టి ఆ గడి ఉంచాను. 'పట్టుబడిన స్థలం' కూడా ఉంచాను. ప్రూఫు తీసి రెండుసార్లు చదివాను. ఒక్క అక్షరమూ తలకిందులు కాలేదు, ఒక్క వత్తూ ఎగిరిపోలేదు. 'సరి' అని రాసి సంతకం పెట్టాను. మరునాడు మా నాయన వచ్చి, నా సంతకం చూసి, వెయ్యి రసీదులు అచ్చు వేశాడు. ప్రతి రసీదు అడుగునా సన్నని అక్షరాలతో మా ప్రెస్సు పేరు ఉంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మా నాయన మదనపల్లె నుంచి మోపెడ్ మీద కాగితం కట్ట తెచ్చి దించాడు. చొక్కా జేబులోంచి ఒక చీటీ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"సదువు పాపా."

అది మేము వేసిన రసీదే. కాగితం కొన్నంతసేపు ఆయన బండిని సావుకారు జాగాలో పెట్టాడట. అక్కడ బోర్డు ఏదీ లేదట. తిరిగి వచ్చేసరికి కాపలా పెద్దాయన ఈ చీటీని పురికొసతో హ్యాండిలుకు కట్టి ఉంచాడట. నేను పైనుంచి కిందికి చదివాను.

"అక్షరాలు సరిగానే ఉండాయి నాయనా."

"అక్షరాలు నేనూ జూసినా. మాటలు సూడు."

కాపలా పెద్దాయన పద్ధతైన మనిషి. ఒక్క గడీ వదలకుండా నింపాడు. వాహనం: మోపెడ్డు. రంగు: ఎరుపు. పట్టుబడిన స్థలం: సావుకారు జాగా. మేత ఖర్చు: లేదు.

ఆ చివరి గడి చదివినప్పుడు నా చెవులు వేడెక్కడం నాకింకా గుర్తే. రెండుసార్లు చదివిన ప్రూఫులో 'మేత' అనే మాట రెండుసార్లూ నా కళ్ళబడింది. మే, త, రెండక్షరాలూ సరిగా ఉన్నాయి. ఆ మాట అక్కడ ఉండదగినదా అని మాత్రం నేను చూడలేదు.

ఏమైందోనని లోపలి నుంచి అమ్మ వచ్చింది. విషయం విని, కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకు చేరగిలబడింది.

"అయితే మీ నాయన బండిని బందెలదొడ్లోకి తోలినారా! ఎవురి సేలో పడి మేసిందంట?"

మా నాయన నవ్వలేదు. అమ్మ నవ్వు ఆగాక, "ఇరవై ఐదు రూపాయలే గదా, రేపు పొయ్యి కట్టేసి రాకూడదా?" అంది. "కేలండర్లిచ్చే మనిషితో మనకేంటికి?"

నేను కూడా అదే అన్నాను. అందుకు నా కారణం వేరు. డబ్బు కట్టేస్తే చీటీ మా ఇంటికి చేరి అక్కడితో ఆగిపోతుంది. కట్టనంటే, ఎందుకు కట్టడో మా నాయన సావుకారుకు చెప్పాలి. చెబితే తప్పు బయటపడుతుంది. మదనపల్లెలో అప్పటికే రెండు చోట్ల కంప్యూటరు అచ్చు వచ్చింది. పుంగనూరు దాకా వచ్చి తప్పులు అచ్చు వేయించుకోవలసిన అగత్యం సావుకారుకు లేదు. మూడో వంతు పని పోతే ప్రెస్సు నిలవడం కష్టమని మా ముగ్గురికీ తెలుసు.

"జాగా ఆయప్పది," అన్నాడు మా నాయన. "నా బండి రెండు గంటలు ఆడ నిలబడిండాది. బాడుగ అడిగితే ఇస్తా, ఇయ్యాల్సిందే. జరిమానా యెయ్యను ఆయప్పెవురు? పంచాయతీనా, పోలీసా?"

"మనమే అచ్చేసిస్తిమి గదా నాయనా."

"అందుకే కట్టేది ల్యా. మనం అచ్చేసినంత మాత్రాన లేని అధికారం వస్తాదా?"

"ఈ తూరికి కట్టేసి, మళ్ళా పుస్తకాలేసేటప్పుడు మారుస్తాం."

ఆయన నా వైపు తిరిగాడు. "నా పక్కన కురబలకోట ఆయప్ప ఒకడు నిలబడుకోనుండె. గొర్రెలోళ్ళ మనిషి. కొత్తగా కొన్న పాత మోపెడ్డు. సదువు రాదు. చీటీ నా సేతికిచ్చి, ఏమని ఉండాదప్పా అన్నె. నేను సదివి జెప్పితి. సట్టరీత్యా అనే మాటకొచ్చేసరికి ఆయప్ప గోసిలోనుంచి డబ్బులు తీసె. సర్కారు కాగితమంట గదా అని కట్టేసె. సదివింది నేను, అచ్చేసింది నేను. అడుగున నా పేరుండాది, ఆయప్పకు తెలీదు. నాకు తెలుసు గదా."



మరునాడు ఉదయం ఆయన బందెలదొడ్డి పేజీ దారం విప్పేశాడు. అక్షరాలన్నీ వాటి గళ్ళలో సర్ది, కొత్త రసీదు తానే కంపోజు చేశాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. పైన 'బాడుగ రసీదు'. కింద బండి నంబరు, తేదీ, రెండే గళ్ళు. స్కూటరుకు రెండు రూపాయలు, సైకిలుకు ఒకటి. అప్పట్లో ఊళ్ళో సైకిలు స్టాండులో ఉన్న ధర అదే. అడుగున ఒక వాక్యం పెట్టాడు: 'సొంత జాగాలో బండి నిలిపినందులకు బాడుగ. ఇది జరిమానా కాదు.' ఆయన చదువుకున్న కాలపు తెలుగు అది. నిలిపినందుకు అంటే చాలదా అని అడిగాను. 'నందులకు' అంటే కొంచెం నిదానంగా చదువుతారని ఆయన సమాధానం.

ప్రూఫు తీసి నా ముందు పెట్టాడు. మూడుసార్లు చదివాను. ముప్పై మాటలు కూడా లేని కాగితం అది. పెన్ను పట్టుకుని కూర్చున్నాను గానీ రాయడానికి చేయి రాలేదు.

"ఎయ్యి పాపా."

"ఇంగా సూస్తాండా నాయనా."

"సూడు. తొందరేం లేదు."

యంత్రం పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. అంతకుముందు తాను వేసిన వెయ్యి రసీదుల గురించి ఒక్క మాట అనలేదు. ఇకమీదట నేనే చదువుకుంటానులే అనలేదు. నేను నాలుగోసారి మాటమాటనూ బయటికి చదివి, 'సరి' రాసి తేదీ వేశాకే లేచాడు. ఇరవై పుస్తకాలు తయారు కావడానికి రెండు రోజులు పట్టింది.

మూడో రోజు ఇద్దరం బస్సులో మదనపల్లె వెళ్ళాం. నా ఒళ్ళో పుస్తకాల సంచి. దారిలో నేను మనసులో సిద్ధం చేసుకున్న క్షమాపణ ఇంచుమించు ఒక పేజీ ఉంటుంది. అంగడిలో సావుకారు గద్దె మీద ఉన్నాడు. చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు, టమోటా మండీ ఆయన ఒకడు ఉన్నారు. మా నాయన చీటీని, రెండు రూపాయల బిళ్ళను గల్లా మీద పక్కపక్కన పెట్టాడు.

"ఏందన్నా ఇది?" అన్నాడు సావుకారు.

"నీ జాగాలో నా బండి నిలిపితి. బాడుగ."

"బాడుగేందన్నా? చీటీలో ఇరవై ఐదనుండాది గదా. నువ్వేసిందే గదా?"

"నేనేసిందే. అందుకే వస్తి. నీ జాగాకు నువ్వు బాడుగ అడగొచ్చు. గొలుసు కట్టుకోవచ్చు. లోపలికి రావద్దని బోర్డు పెట్టుకోవచ్చు. జరిమానా యెయ్యను నీకు అధికారం ల్యా."

"నా జాగాలో నేను గీసిందే గీతన్నా! ఇప్పటికి నూటా డెబ్బై మంది కట్టినారు. ఒక్కరన్నా అడిగినారా? ఏందప్పా, నువ్వు జెప్పు." మండీ ఆయన వైపు తిరిగాడు.

మండీ ఆయన చీటీ అందుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తీరిగ్గా చదవసాగాడు. నేను ఆ చివరి గడి వైపే చూస్తున్నాను.

"సావుకారూ," అన్నాడాయన, "ఈ మేత ఖర్చేందప్పా?"

"మేతా?"

"మేత ఖర్చు లేదు అని రాసుండాది. అంటే ఈయప్ప మోపెడ్డుకు పొద్దన్నుంచి గడ్డి గూడా యెయ్యలేదా నువ్వు?"

చీరలు చూస్తున్నవాళ్ళలో ఒకామె చీర మడత వదిలేసి నవ్వింది. సావుకారు చీటీ లాక్కుని చూశాడు. ఆయన ముఖం ఎర్రబడటం చూశాను. ఇక నా వంతే అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపలే మా నాయన అన్నాడు.

"బందెలదొడ్డి రసీదు అది. కట్టిపెట్టిన పేజీని మార్చి వేస్తిమి. ఆ మాట ఉండిపోయింది. తప్పు మా ప్రెస్సుది."

"ప్రెస్సుదా? నీ బిడ్డ గదన్నా ఆ పొద్దు ఉండింది!"

"ప్రెస్సు నాది. అడుగున పేరు నాది. అచ్చుతప్పయితే ఉత్తగానే మళ్ళా వేసిచ్చేది మా పద్ధతి. ఇదో, ఇరవై పుస్తకాలు. మిగిలిన పాతవి ఇచ్చేయి."

సావుకారు కొత్త పుస్తకం ఒకటి తెరిచి చదివాడు. 'ఇది జరిమానా కాదు' అన్నచోట ఆయన వేలు ఆగింది. "ఇట్లయితే ఎవురు భయపడతారన్నా?"

"భయపడరు. కడతారు."

"గడ్డి ఖర్చు లేకుండా రెండ్రూపాయలంటే ఎవురైనా కడతారులే," అన్నాడు మండీ ఆయన.

ఆ మాటకు సావుకారు నవ్వలేదు. ఊళ్ళో ఈ సంగతి సాయంత్రానికి ఎంత దూరం పోతుందో లెక్క వేసుకున్నట్టున్నాడు. కాపలా పెద్దాయనను పిలిచి, పాత పుస్తకాలన్నీ తెప్పించి మా సంచిలో వేయించాడు. బిళ్ళ తీసుకుని గల్లాలో వేశాడు. మా నాయన కదలలేదు.

"ఇంకేందన్నా?"

"రసీదు."

సావుకారు కొత్త పుస్తకంలో మొదటి చీటీ చింపి, రాసి, ఇచ్చాడు. దాని మీది నంబరు ఒకటి. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

బయటికి వస్తుంటే కాపలా పెద్దాయన గేటు దాకా వెంట వచ్చాడు. గుర్రంకొండ వైపు మనిషి. "మంచి పని జేసినావప్పా," అన్నాడు మా నాయనతో. "ఆ చీటీ కట్టినపుడంతా నన్ను ఎంతెంత మాటలనేవాళ్ళో. మేత గడిలో ఏం రాయాలో తెలక నేను పడిన తిప్పలు సెప్పుకోలేను."

"సరిగ్గానే రాసినావులే పెద్దాయనా," అన్నాడు మా నాయన. ఆ మూడు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

బస్సులో నేను సిద్ధం చేసుకున్న పేజీ మొదలుపెట్టాను. "నాయనా, ఆ పొద్దు నేను..." అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "పాత పుస్తకాల ఎనకపక్క తెల్లగుండాది. నీకు డైరీ కుట్టిస్తా," అన్నాడు. మేము ఆ విషయం మాట్లాడుకున్నది అంతవరకే.

ఆ ఏడు కేలండర్ల పని మాకు రాలేదు. సావుకారు మదనపల్లెలోనే కంప్యూటరు అచ్చు వేయించాడు. తరువాతి ఏడు బిల్లు పుస్తకాలు కూడా పోయాయి. 1997 మార్చిలో చూస్తే మా రాబడి నేను భయపడినంతా తగ్గింది. ఆ అంకె 'మేత ఖర్చు' వెనకే రాసి ఉంది. బి.కొత్తకోట, పుంగనూరు సైకిలు స్టాండుల వాళ్ళు ఒకరిద్దరు 'ఆ బాడుగ చీటీ మాదిరి' కావాలని వచ్చారు గానీ, అది సావుకారు పనికి సాటి రాదు. ప్రెస్సు మరి నాలుగేళ్ళు నడిచింది. 2001లో యంత్రాన్ని అమ్మేశాం, సీసాన్ని తూకానికి ఇచ్చేశాం. ఇచ్చేముందు మా నాయన అక్షరాల గళ్ళన్నీ తుడిచి ఇచ్చాడు. కరిగించేదానికి తుడవడమెందుకని కొన్నవాడు అడిగాడు. ఆయన తుడవడం ఆపలేదు.

పెళ్ళయి నేను కుప్పం వెళ్ళి, అక్కడ డీటీపీ అంగడి పెట్టుకున్నాను. అక్కడ కూడా ప్రతి ప్రూఫు మీదా 'సరి' రాసి తేదీ వేస్తాను. వేసేముందు మాటమాటనూ బయటికి చదువుతాను. అరవమూ కన్నడమూ తెలుగూ కలిసి వచ్చే ఊరు కాబట్టి, నేను ఏ భాషలో గొణుగుతున్నానో తెలియక వచ్చినవాళ్ళు బిత్తరపోతుంటారు. 2004లో మా నాయన పోయాడు.

2007 వేసవిలో ఒక రోజు కుప్పంలో బ్యాంకు పని మీద వెళ్ళి, పక్కనే ఒకరి సొంత జాగాలో బండ్లు పెడుతుంటే నా స్కూటరు కూడా పెట్టాను. నలభై ఏళ్ళ ఆయన ఒకరు వచ్చి చీటీ చింపి ఇచ్చాడు. కంప్యూటరు అక్షరాలు, పసుపు కాగితం. ఐదు రూపాయలు. అలవాటు కొద్దీ పైనుంచి కిందికి చదివాను.

'సొంత జాగాలో బండి నిలిపినందులకు బాడుగ. ఇది జరిమానా కాదు.'

ఎండలో నిలబడి ఆ 'నందులకు'ను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. కుప్పంలో ఏ డీటీపీ మనిషీ తనంతట తాను ఆ మాట రాయడు. నాకు తెలుసు, నేనూ చేసేది ఆ పనే.

"ఈ మాట ఎవరు రాసిచ్చినారప్పా మీకు?"

"ఎవురూ రాసియ్యల్యా అమ్మా. మా బామ్మర్ది మదనపల్లెలో స్టాండు పెట్టిండె. ఆడ చీటీ ఒకటి తెచ్చిస్తే, దాన్ని జూసి అట్లే ఏపిచ్చుకుంటిమి. వాళ్ళు గూడా ఎవురిదో జూసి ఏపిచ్చినారంట." ఆయన నా ముఖం చూసి కొంచెం కంగారుపడ్డాడు. "యాలమ్మా, తప్పుండాదా?"

"తప్పేం లేదప్పా," అన్నాను. ఐదు రూపాయలు ఇచ్చి, చీటీని మడవకుండా డైరీలో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్ళాక దాని మూలన తేదీ వేసి, 'సరి' అని రాశాను.